నగర శివారు పట్టణాల స్థానిక చరిత్ర: సేకరించడం, భద్రపరచడం, పదిమందికీ అందించడం ఎలా?

మేడ్చల్, ఘట్‌కేసర్, శంషాబాద్, ఇబ్రహీంపట్నం, శంకర్‌పల్లి వంటి హైదరాబాద్ శివారు పట్టణాల పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మా ఊరి చరిత్రను పద్ధతి ప్రకారం సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కుంటలు లేఅవుట్లుగా, మోటబావులు పూడిన గుంతలుగా మారుతున్న ఈ ఊళ్లలో ఆ పనికి ఎక్కువ వ్యవధి లేదు. కాబట్టి ఏ పని ముందు, ఏది తరువాత అన్న వరుస ఇక్కడ చాలా ముఖ్యం.

చాలామంది పుస్తకం వేయాలన్న ఆలోచనతో బయలుదేరి, ఆవిష్కరణ సభ తేదీని ముందే ఖాయం చేసుకుని, ఆ తొందరలో విన్నదంతా అచ్చు వేస్తారు. పుస్తకం చివరి మెట్టు. మొదటి మెట్టు నమోదు పుస్తకం. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ దొరికింది అన్న మూడు వివరాలు జతపడని సమాచారం ఎంత ఆసక్తికరంగా ఉన్నా, కొన్నేళ్లకు దానిని నమ్మాలో వద్దో తేల్చుకునే దారి ఎవరికీ ఉండదు.

## 1. హద్దులు నిర్ణయించుకోవడం

ఊరు అంటే ఏ మేరకు అన్నది ముందుగా రాసుకోండి. పాత ఆబాది (ఇళ్లున్న నడి ఊరు) మాత్రమేనా, శివారులోని తండాలు, మజరా గ్రామాలు (పెద్ద ఊరికి అనుబంధంగా ఉండే చిన్న పల్లెలు) కూడా చేరతాయా? మొదటి విడతకు ఒక కాలాన్ని కూడా ఎంచుకోండి. సజీవులైన పెద్దలకు గుర్తున్న కాలంతో, అంటే దాదాపు 1940ల నుంచి మొదలుపెట్టడం తెలివైన పని. కాకతీయుల నుంచి మొదలుపెట్టినవారు చాలావరకు కాకతీయుల దగ్గరే ఆగిపోతారు.

ఆ తరువాత మీ ఊరు ఏయే కాలాల్లో ఏయే జిల్లాలో, తాలూకాలో ఉండేదో ఒక పట్టిక వేసుకోండి. నగరం చుట్టూ ఉన్న చాలా ఊళ్లు నిజాం కాలంలో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేవి. ఆ తరువాత అవి హైదరాబాద్ జిల్లాలోకి, 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. వాటిలో కొన్ని 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఈ పట్టిక లేకుండా దఫ్తరాలకు (పాత రికార్డులుండే కార్యాలయాలకు) వెళితే, ఇప్పటి జిల్లా పేరు చెప్పి వెతికించి, ఏమీ లేదనుకుని తిరిగి వస్తారు.

నిజాం కాలంలో ఊరు సర్ఫ్-ఎ-ఖాస్‌దా (నిజాం సొంత ఆస్తి), దివానీదా (ప్రభుత్వానిది), పాయగాదా (పాయగా ప్రభువులది), జాగీరుదా (జాగీర్దారుకు ఇచ్చినది) అన్నది కూడా తెలుసుకోవాలి. ఏ అధికారి దగ్గర ఏ రకం కాగితం పుట్టిందన్నది దానిని బట్టే ఉంటుంది.

## 2. నమోదు పుస్తకం

గట్టి అట్ట ఉన్న లాంగ్‌బుక్కు ఒకటి, దానికి నకలుగా కంప్యూటర్‌లో ఎక్సెల్ పట్టిక ఒకటి చాలు. చేతికి వచ్చిన ప్రతిదానికీ, అది ఫొటో కావచ్చు, రికార్డింగు కావచ్చు, పెళ్లి శుభలేఖ కావచ్చు, వరుస సంఖ్య ఒకటి వేయాలి. ఆ సంఖ్యే ఫైలు పేరు అవుతుంది. ఒకసారి వేసిన సంఖ్యను మళ్లీ మార్చకూడదు. వస్తువు పోయినా ఆ సంఖ్యను వేరొకదానికి ఇవ్వకూడదు.

ప్రతి నమోదులో ఉండవలసినవి:

- వరుస సంఖ్య, నమోదు చేసిన తేదీ
- వస్తువు ఏమిటి, ఏ భాషలో ఉంది, ఎన్ని పుటలు
- ఎవరి దగ్గర ఉంది, వారికి ఎలా వచ్చింది
- దాని మీద ఉన్న తేదీ, ఉన్నది ఉన్నట్లుగా
- మనం లెక్కకట్టిన తేదీ, ఆ లెక్కకు ఆధారం
- పంచుకోవడానికి అనుమతి ఉందా, ఏ షరతు మీద

నాలుగో, ఐదో గడులను కలిపివేయడం తరచుగా జరిగే పొరపాటు. కాగితం మీద ఫసలీ సంవత్సరం (నిజాం కాలంలో ప్రభుత్వ లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటే ఆ అంకెనే నాలుగో గడిలో రాయండి; క్రీస్తుశకంలోకి మార్చినది ఐదో గడిలోకి వెళ్లాలి. లెక్క తప్పితే సరిదిద్దుకోవడానికి అసలు అంకె మిగిలి ఉంటుంది.

## 3. కాలపట్టిక, సంవత్సరాల లెక్క

పెద్దల దగ్గరకు వెళ్లే ముందే ఒక పుటకు మించని కాలపట్టికను సిద్ధం చేసుకోవాలి. తేదీలు గుర్తులేనివారికి కూడా సంఘటనలు గుర్తుంటాయి. 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు, 1969 ఉద్యమం, 1975 ఎమర్జెన్సీ, 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం ఇందులో ఉండాలి. ఆ గ్రహణం నాడు తలుపులు మూసుకుని కూర్చున్న జ్ఞాపకం నలభై, యాభై ఏళ్ల క్రితపు ముచ్చట్లకు చక్కని గుర్తు. వీటికి మీ ఊరి సొంత గుర్తులను చేర్చండి: కరెంటు వచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు, మొదటి బస్సు వచ్చిన ఏడు.

పాత కాగితాల్లో నాలుగు రకాల సంవత్సరాలు కనిపిస్తాయి: క్రీస్తుశకం, ఫసలీ, హిజ్రీ, తెలుగు సంవత్సరం. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో, ఆజర్ మాసంతో మొదలయ్యేది. అందువల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉన్న తేదీలకు ఫసలీ అంకెకు 590, జనవరి నుంచి ఆపై నెలలకు 591 కలపాలి. జాగీర్ల రద్దు చట్టం 1358 ఫసలీది. అది ఆగస్టు మాసం కనుక 591 కలిపితే 1949 వస్తుంది. మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లాల్లో ఫసలీ జూలైతో మొదలయ్యేది కాబట్టి ఆ లెక్కను ఇక్కడ వాడవద్దు.

హిజ్రీ సంవత్సరం చాంద్రమానం. ఏటా సుమారు 11 రోజులు తక్కువ పడుతుంది కనుక ఏదో ఒక అంకె కలిపితే కుదరదు; మార్పిడి పట్టిక చూడవలసిందే. తెలుగు సంవత్సరం పేర్లు 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. సర్వధారి అంటే 1948-49 కావచ్చు, 2008-09 కావచ్చు, 1888-89 కూడా కావచ్చు. కాగితం రకం, లిపి, అందులోని మనుషుల పేర్లు చూసి ఏ ఆవృత్తి అన్నది తేల్చాలి.

మీ పట్టిక సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మూసీ వరదను ఉపయోగించండి. 1908 సెప్టెంబరు 28 అంటే ఫసలీలో 1317, హిజ్రీలో 1326, తెలుగులో కీలక నామ సంవత్సరం. ఈ నాలుగూ మీ లెక్కలో సరిపోలితే పద్ధతి కుదిరినట్లే.

డబ్బు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పాత పత్రాల్లోని రూపాయి చాలావరకు హాలీ సిక్కా, అంటే నిజాం ప్రభుత్వపు నాణెం. ఏడు హాలీ రూపాయలు సుమారుగా ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. ఏ సిక్కా అన్నది రాయకుండా ధరలను పోల్చకూడదు.

## 4. పెద్దల మాటలను రికార్డు చేయడం

దఫ్తరంలోని కాగితం వచ్చే ఏడాదికి కూడా అక్కడే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి విషయంలో ఆ భరోసా లేదు. అందుకే కాలపట్టిక సిద్ధం కాగానే ముందుగా పెద్దల దగ్గరకే వెళ్లాలి.

ఎవరిని కలవాలి. పటేల్, పట్వారీ కుటుంబాలు, దేవాలయ ధర్మకర్తలు ఎలాగూ దొరుకుతారు. చెప్పడానికి సిద్ధంగా కూడా ఉంటారు. అక్కడితో ఆపితే వచ్చేది వారి ఇంటి చరిత్రే. ఊళ్లోని ప్రతి వాడనూ జాబితా రాసుకుని, ఒక్కో వాడ నుంచి కనీసం ఒక పురుషుడిని, ఒక స్త్రీని కలవాలి. మంత్రసాని, నీరటికాడు, కల్లు గీసినవారు, పీర్ల చావిడి చూసుకునేవారు, వెట్టి చేసినవారి పిల్లలు చెప్పగలిగే సంగతులు మరెవరి దగ్గరా దొరకవు. చెరువు తూము ఏ పొలానికి ఎన్ని గంటలు తీసేవారో నీరటికాడికి తెలిసినట్లు పట్వారీ దఫ్తరానికి కూడా తెలియదు.

కులాలకు కథలు చెప్పే కళాకారులను మరవకండి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు చిందువారు, ముదిరాజులకు కాకిపడగలవారు చెప్పే కథల్లో వలసల దారులు, ఇంటిపేర్లు, మిరాశీ (వంశపారంపర్య) హక్కులు ఉంటాయి. అవి వారి జీవనాధారం కనుక మొత్తం కథను రికార్డు చేసి బయట పెట్టాలంటే విడిగా అనుమతి, తగిన సంభావన ఉండాలి.

వెళ్లే ముందు:

- ఒకరు అడగడానికి, మరొకరు రాసుకోవడానికి ఇద్దరుగా వెళ్లండి. స్త్రీలతో మాట్లాడేటప్పుడు ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మంచిది.
- చొక్కాకు తగిలించే చిన్న మైకు తీసుకెళ్లండి. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేయండి.
- ఒక నిమిషం రికార్డు చేసి విని చూడండి. సీలింగ్ ఫ్యాను, టీవీ, వంటింటి కుక్కరు మాటను మింగేస్తాయి.
- అనుమతి పత్రం తెలుగులో, అర పుటకు మించకుండా ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించి, వారి అంగీకారాన్ని గొంతుతోనే రికార్డు చేయండి.

మొదటి మాట. తేదీ, ఊరు, వాడ, మాట్లాడుతున్నవారి పేరు, అడుగుతున్నవారి పేరు చెప్పి మొదలుపెట్టాలి. ఈ అర నిమిషం లేని రికార్డింగులు పదేళ్ల తరువాత ఎవరి గొంతో తెలియక మిగిలిపోతాయి.

ప్రశ్నల వరుస. తాతా, అవ్వా అని వారికి అలవాటైన పిలుపుతోనే, ఇల్లు, పని, తిండి దగ్గర మొదలుపెట్టండి. “రజాకార్ల కాలంలో చాలా బాధలు పడ్డారా?” అని అడిగితే “అవును, పడ్డాం” అన్న జవాబుతో దారి మూసుకుపోతుంది. “ఆ ఏడు మీరు ఏ ఇంట్లో ఉండేవారు, ఇంట్లో ఎవరెవరు ఉండేవారు, ధాన్యం ఎక్కడ దాచేవారు?” అని అడగండి. జవాబు చెప్పేవారిని సరిదిద్దవద్దు. తేదీ తప్పు చెప్పినా అలాగే ఉండనిచ్చి, అప్పటికి పెళ్లయిందా, పెద్దకొడుకు పుట్టాడా అని కాలపట్టిక వైపు తిప్పండి.

గంటకు మించి కూర్చోబెట్టకూడదు. మాటల చివర పాత ఫొటోలు, పత్రాలు ఉన్నాయేమో అడగండి. మొదట్లోనే అడిగితే భూమి తగాదా కోసం వచ్చారన్న అనుమానం కలుగుతుంది. ఈ శివార్లలో ఎకరం ధర పలుకుతున్న తీరు చూస్తే ఆ అనుమానాన్ని తప్పు పట్టలేం.

సాధారణంగా జరిగే పొరపాట్లు, సవరణలు:

- *నలుగురిని ఒకేచోట కూర్చోబెట్టడం.* పెద్ద గొంతు ఉన్నవారికి మిగిలినవారు వంత పాడతారు. ముందు విడివిడిగా మాట్లాడి, తరువాతే కలిపి కూర్చోబెట్టండి.
- *యాసను పుస్తక భాషలోకి మార్చడం.* రాతప్రతిలో ఎలా పలికితే అలాగే ఉంచండి. అర్థం కావడానికి అవసరమైతే పక్కన వివరణ ఇవ్వండి.
- *ఆలస్యంగా రాయడం.* వారంలోపే కనీసం విషయసూచిక తయారు చేయండి: ఎన్నో నిమిషంలో ఏ విషయం వచ్చిందన్న జాబితా చాలు.
- *పూర్తిగా రాసినదాన్ని చూపించకపోవడం.* వారికి లేదా వారి ఇంట్లోవారికి చదివి వినిపించి, వద్దన్న భాగాన్ని మూసి ఉంచండి. చెరిపివేయవద్దు, “పదేళ్ల వరకు బయట పెట్టకూడదు” అని నమోదు పుస్తకంలో రాసి దాచండి.

## 5. ఇళ్లలోని కాగితాలు, ఫొటోలు

అసలు ప్రతిని మీ ఇంటికి తీసుకెళ్లకుండా, వారి ఇంట్లోనే నకలు తీసుకోవడం ఉత్తమం. తప్పనిసరిగా తీసుకెళ్లవలసివస్తే రసీదు రాసి ఇవ్వాలి. కాగితాలను 300 డీపీఐలో, ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేసి, మూలప్రతిని టిఫ్ ఫార్మాట్‌లో, పంచుకునే ప్రతిని జేపెగ్‌లో ఉంచండి. ఫొటో వెనుక వైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, చేతిరాత అక్కడే ఉంటాయి.

అసలు కాగితాలకు లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు అంటించవద్దు. లామినేషన్ వేడికి కాగితంలో జరిగిన మార్పును ఇక వెనక్కి తీసుకురాలేరు. టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా మారుతుంది. తుప్పు పట్టిన గుండుసూదులను మెల్లగా తీసి, ఒక్కో పత్రాన్ని ఆమ్లరహిత కాగితపు కవరులో పెట్టించండి. పేరు, సంఖ్య కవరు మీదే, అదీ పెన్సిల్‌తోనే, పత్రం లోపల పెట్టకముందే రాయాలి. తాటాకు ప్రతుల మీద నూనె రాయడం వంటి ప్రయోగాలు చేయకుండా వాటిని నిపుణులకే వదిలేయండి.

బావి తవ్వుతుంటే దొరికిన నాణేల కుండ వంటివి ఎదురైతే వాటిని సేకరణలో చేర్చకూడదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం వాటి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. వస్తువులను సేకరించడం మన పని కాదు. వాటి ఫొటో, కొలతలు, దొరికిన చోటు చాలు.

## 6. శాసనాలు, కట్టడాలు, చెరువులు

శాసనం ఉన్న రాయిని ఎట్టి పరిస్థితిలోనూ కదపవద్దు. అక్షరాలు కనిపించాలని సున్నం, ఎనామిల్ రంగు, సుద్ద పూస్తే అక్షరాల అంచులు శాశ్వతంగా దెబ్బతింటాయి. పొద్దున్నే లేదా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఫొటో తీయండి. చీకటి పడ్డాక టార్చిని పక్కనుంచి వేస్తే ఇంకా స్పష్టంగా వస్తుంది. మొత్తం రాయి ఒకటి, ఒక్కో వరుస విడిగా, పక్కన కొలబద్ద పెట్టి ఒకటి తీయాలి. కాగితం, సిరాతో అచ్చు తీయడం శాసనశాస్త్రం తెలిసినవారి పని.

మీరు కొత్తగా కనిపెట్టామనుకున్న శాసనం ఎప్పుడో అచ్చయి ఉండవచ్చు. జిల్లాల వారీగా ప్రచురితమైన శాసన సంపుటాలు చూశాకే పత్రికలవారికి చెప్పండి. నగరం లోపలే చైతన్యపురిలో విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం ఉంది. శివారు గుట్టల మీద వెతకడంలో అర్థం ఉంది.

గడి, బురుజు, మెట్లబావి, బొడ్రాయి, దర్గా, వీరగల్లు, తూము, ఇలా ప్రతిదానికీ ఫోను చూపే అక్షాంశ రేఖాంశాలను నమోదు చేయండి. గ్రామ నక్షా (పటం) నకలు తీసుకుని కుంటల పేర్లను, పాత బాటలను, శిఖం భూముల (చెరువు గర్భంలోని భూముల) సర్వే నంబర్లను దాని మీద గుర్తించండి. 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో ఊరి భూమి మొత్తం ఒక్కచోట కనిపిస్తుంది. చరిత్రకారుడికి అది పేర్ల గని. అయితే అందులోని పట్టాదారుల పేర్లను ఇప్పటి కుటుంబాలకు ముడిపెట్టి బహిరంగంగా ప్రచురించడం కోర్టు గొడవలకు దారి తీస్తుంది.

## 7. నగరంలోని దఫ్తరాలు, గ్రంథాలయాలు

ఊళ్లో విన్నదంతా చేతిలో ఉన్నాకే ఇక్కడకు రావాలి. అప్పుడు ఏమి వెతకాలో తెలుస్తుంది.

- రాష్ట్ర పురాభిలేఖాగారం (స్టేట్ ఆర్కైవ్స్), తార్నాక. మొఘల్, నిజాం కాలపు రికార్డులు ఇక్కడ ఉన్నాయి. వాటిలో ఎక్కువ ఫారసీ, ఉర్దూ భాషల్లో ఉంటాయి. గుర్తింపు కార్డు, పరిశోధన ఉద్దేశం తెలిపే ఉత్తరం తీసుకుని, పాత జిల్లా, తాలూకా పేర్లతో అడగండి. పాత ఉర్దూ చేతిరాత చదవగల వారిని ముందే చూసుకోండి.
- రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. జిల్లా గెజిటీర్లను, జనగణన సంపుటాలను ఇక్కడ అడగండి. 1961 జనగణనలో భాగంగా జిల్లాల వారీగా జాతరలు, పండుగల మీద వెలువడిన సంపుటాలను తప్పకుండా చూడండి. మీ ఊరి జాతర ఆనాడు ఎలా జరిగేదో అందులో ఉండే అవకాశం ఎక్కువ.
- శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుల్తాన్ బజార్. 1901 నుంచి ఉన్న తెలుగు గ్రంథాలయం. పాత తెలుగు పుస్తకాలకు, పత్రికలకు వెళ్లవలసిన చోటు.
- సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బాగ్‌లింగంపల్లి. పాత తెలుగు పత్రికలు, ఉర్దూ గ్రంథాలు. 1926లో మొదలైన గోలకొండ పత్రిక సంచికలు దొరికితే మీ ఊరి పేరు కోసం ఓపికగా తిరగేయండి.
- ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం. మీ తాలూకా మీద వచ్చిన పరిశోధన వ్యాసాలు చూడండి. వాటి చివర ఉండే ఆధారాల పట్టిక మీకు సగం పని తగ్గిస్తుంది.

చూసిన ప్రతి పత్రానికీ ఫైలు సంఖ్య, పుట సంఖ్య అక్కడికక్కడే రాసుకోండి. వెతికినా దొరకనివాటిని కూడా రాయాలి, లేకపోతే మరొకరు అదే కట్టను మళ్లీ విప్పుతారు. ప్రభుత్వ కార్యాలయాల్లోని రికార్డుల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. జవాబుకు సాధారణ గడువు 30 రోజులు.

## 8. రాయడం, పంచుకోవడం

కథనం రెండు రకాలుగా ఉంటే రెండూ రాయండి. చెరువు తెగిన ఏడు గురించి ఒక వాడ ఒకలా, మరో వాడ మరోలా చెబితే, కాగితం ఆధారం దొరికే వరకు ఎవరి మాట ఏదో స్పష్టంగా చూపడమే సరైన పద్ధతి. ఊరి పేరుకు రాజుల కథ చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. దానిని “స్థానికుల కథనం” అన్న శీర్షిక కింద ఉంచితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

యూనికోడ్‌లోనే టైపు చేయించండి. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో చేసిన పాఠం అచ్చుకు బాగానే ఉంటుంది గాని ఇంటర్నెట్‌లో వెతికితే దొరకదు. ఇప్పటికే అలా చేసి ఉంటే మార్పిడి ఉపకరణంతో మార్చి, ఒత్తులు, పొల్లులు సరిగా వచ్చాయో లేదో చదివి సరిచూడాలి.

తెలుగు వికీపీడియాలో ఊరి వ్యాసాన్ని విస్తరించవచ్చు. అయితే అక్కడ సొంత పరిశోధనకు చోటు లేదు. ప్రచురితమైన ఆధారం చూపాలి. పెద్దల జ్ఞాపకాలను ముందుగా మీ పుస్తకంలోనో పత్రికలోనో ప్రచురించడం మేలు. మీరు తీసిన ఫొటోలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో చేర్చవచ్చు. ఇతరుల ఫొటోలు అలా చేర్చకూడదు. ఫొటో మీ చేతిలో ఉన్నంత మాత్రాన దాని హక్కు మీది కాదు. పుస్తకాలు, రచనలకు సాధారణంగా రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది.

వాట్సాప్‌లో పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపండి; వరుస సంఖ్య, వివరం ఫొటో అంచున కనిపించాలి. ఊళ్లోనైతే బతుకమ్మ, దసరా రోజులకు మించిన సమయం లేదు. నగరంలో, బయట స్థిరపడినవారు ఇళ్లకు వచ్చే ఆ వారం శాఖా గ్రంథాలయంలోనో బడిలోనో ఫొటోల ప్రదర్శన పెట్టి, ప్రతి ఫొటో కింద ఖాళీ కాగితం, పెన్సిల్ ఉంచండి. పేర్లు తెలియని ముఖాలకు పేర్లు అక్కడే దొరుకుతాయి.

## 9. దాచడం, అప్పగించడం

- మూడు ప్రతులు: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి హార్డ్‌డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో. హార్డ్‌డిస్కు వేరే ఇంట్లో ఉండాలి. పెన్‌డ్రైవును ప్రతిగా లెక్కించవద్దు.
- ఏడాదికొకసారి, వానాకాలం ముగిశాక, ఫైళ్లు తెరిచి చూడండి. కాగితాల పెట్టెలో చెమ్మ, చెదలు, సిల్వర్‌ఫిష్ పురుగులు ఉన్నాయేమో పరిశీలించండి.
- క్లౌడ్ ఖాతా ఒక్కరి సొంత జీమెయిల్ మీద ఉండకూడదు. కనీసం ఇద్దరికి ప్రవేశం ఉండాలి.
- నమోదు పుస్తకం ఫొటోకాపీ ఒకటి శాఖా గ్రంథాలయంలో, ఒకటి బడిలో ఉంచండి.
- ప్రచురణ తరువాత వచ్చే సవరణల కోసం నమోదు పుస్తకం చివర ఇరవై పుటలు ఖాళీగా వదలండి. ఎవరు, ఏ తేదీన, ఏ ఆధారంతో సరిదిద్దారో అక్కడ రాసి, తదుపరి ముద్రణలో చేర్చండి.